సర్పంచి మా తోడికోడలే... రోడ్డు లెక్కలు అడగవచ్చా?

చిత్తూరు జిల్లా నుంచి ఒక సోదరి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు, మండలం బయట పెట్టవద్దన్నారు. వాటిని తీసేసి విషయం వరకు చెబుతాను.

ఆమెకు 33 ఏళ్లు. డిగ్రీ చదివారు. భర్త తెల్లవారుజామున ఊళ్లో పాలు పోయించుకుని, బైకుకు క్యాన్లు కట్టుకుని హైవే పక్కనున్న పాల కేంద్రానికి వేస్తారు. ఊరి నుంచి హైవేకి ఐదు కిలోమీటర్లు. మొన్న కార్తీక మాసంలో, వాన పడిన మర్నాడు, వంక మీది కల్వర్టు దాటగానే నీళ్లు నిండిన గుంతలో బండి దిగబడి ఆయన పడిపోయారు. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. 'నేను పోయేసరికి గట్టు మీద చెయ్యి పట్టుకోని కూర్చోనుండారు. క్యాన్లు రెండూ మూతలు ఊడి పడుండాయి. గుంతలో నీళ్లు తెల్లగా ఉండాయి' అని రాశారు. ప్లేటు వేశారు. మూడు నెలలు బరువు ఎత్తకూడదన్నారు. పాల లైను వేరేవాళ్ల చేతికి పోయింది.

ఆమెను తినేస్తున్న బాధ ఇంకొకటి ఉంది. ఊరి సర్పంచి ఆమె తోడికోడలే. 2021 ఎన్నికల్లో సీటు మహిళలకు రిజర్వ్ అయితే అక్క నిలబడి గెలిచారు. పనులన్నీ చూసేది బావగారు. ఇల్లు ఒకటే, పొయ్యిలు రెండు. గత ఏడాది వినాయక చవితికి ముందు బావ ఆ కల్వర్టు దగ్గర గ్రావెల్ తోలించారు. పంచాయతీలో లక్షా ఎనబై వేలు బిల్లు చేసుకున్నారని ఊళ్లో మాట. ఆ గ్రావెల్ రెండు వానలకు కొట్టుకుపోయింది. తర్వాత సంక్రాంతి ముందు హైవే వైపు ఒకటిన్నర కిలోమీటరుకు తారు ప్యాచ్‌లు వేశారు, ఇటు మూడు కిలోమీటర్లు ముట్టుకోలేదు. 'మన ముక్కకి వచ్చిన డబ్బు సర్పంచి ఇంట్లో తినేసినారు' అని నీళ్ల ట్యాంకు దగ్గర ఈమె వినేలాగే అనుకుంటున్నారు.

ఆస్పత్రి నుంచి వచ్చిన రాత్రి ఆమె బావను సూటిగా అడిగేశారు: 'ఆ లక్షా ఎనబై వేలు ఏమైంది?' ఆయన కంచం తోసి లేచిపోయారు. పది రోజులుగా మాటల్లేవు. 'అన్నని అడిగేదానికి నువ్వెవరు?' అని భర్త కోప్పడ్డారు. 'ఇంటి ఆడది ఇంటి మీదే అర్జీ పెడితే ఊరు నవ్వుతాది' అని అత్తగారు ఏడ్చారు. అక్క మాత్రం పొయ్యి దగ్గర ఒక్క మాట అన్నారట: 'నాకేం తెలుసు, సంతకాలంతే. ఆ కీ ఏదో వాళ్ల దగ్గరే ఉండాది.'

ఈమె సమాచార హక్కు దరఖాస్తు రాసి బియ్యం డబ్బాలో దాచారు. ఇవ్వనా, చింపేయనా? ఇంటికి ద్రోహం చేస్తున్నానా? మా ఆయన చెయ్యికి ఎవరు జవాబు చెబుతారు? ఇవీ ఆమె అడిగినవి.

అమ్మా, ముందుగా ద్రోహం అన్న మాట మీ మనసులోంచి తీసేయండి. చెయ్యి విరిగిన మనిషి భార్య ఆ రోడ్డు సంగతి అడగడం ద్రోహం కాదు. అయితే దరఖాస్తు ఇంకొన్నాళ్లు బియ్యం డబ్బాలోనే ఉంచండి. ఎందుకంటే, నాకు అర్థమైనంత వరకు, మీ ప్రశ్న సరైనదే గాని వెళ్లాల్సిన చోటు వేరు. నేను పంచాయతీరాజ్ ఇంజినీరింగ్‌లో ఏఈగా (అసిస్టెంట్ ఇంజినీరుగా) చేరి డీఈగా (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా) రిటైరయ్యాను. ఇలాంటి రోడ్ల మీద, ఇలాంటి తగాదాల మధ్య ముప్పై ఏళ్లు గడిపాను. రోడ్డు ఎవరిదో తెలియక అన్నదమ్ములు విడిపోయిన ఇళ్లను చూశాను.

మీ ఐదు కిలోమీటర్లు ఒక రోడ్డు కాదమ్మా, మూడు రోడ్లు.

బడి నుంచి రావిచెట్టు దాకా ఉన్న సిమెంటు రోడ్డు ఉపాధి హామీ మెటీరియల్ డబ్బుతో వేసిందని రాశారు. అది పంచాయతీది. అక్కడ గుంత పడితే అక్కను నిలదీసే హక్కు ఊరికి ఉంది. రావిచెట్టు దాటాక, వంక మీదుగా వెళ్లే మూడు కిలోమీటర్ల తారు రోడ్డు వేరు. కల్వర్టు పక్కన ముళ్లకంపలో ఒక బోర్డు వాలిపోయి ఉందని, 'ప్రధానమంత్రి' అన్న అక్షరాలు మాత్రం కనబడుతున్నాయని మీరే రాశారు. అది ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన రోడ్డు. 2000 డిసెంబరు 25న మొదలైన పథకం ఇది. ఊళ్లలో ఇలాంటి రోడ్లు వేయించేదీ, తర్వాత చూసుకునేదీ పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ శాఖ. పేరులో పంచాయతీ ఉంది కాబట్టి జనం అది సర్పంచి చేతిలోదే అనుకుంటారు. సర్పంచికి ఆ శాఖ మీద ఏ అధికారమూ లేదు. ఏఈని అడగగలరు, బతిమాలగలరు, తీర్మానం పంపగలరు, అంతే. ఇక హైవేకి కలిసే చివరి ఒకటిన్నర కిలోమీటరు ఆర్ అండ్ బీది, అంటే రోడ్లు, భవనాల శాఖది.

ఇప్పుడు సంక్రాంతి ముందు జరిగింది చూడండి. 2024 నవంబరు 2న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు అనకాపల్లి జిల్లా పరవాడ మండలంలో గుంతలు పూడ్చే కార్యక్రమం మొదలుపెట్టారు. సంక్రాంతిలోగా రోడ్ల మీద గుంతలు లేకుండా చేయాలన్నారు. ఆ డబ్బు వచ్చింది ఆర్ అండ్ బీ రోడ్లకు. అందుకే ఆ శాఖ వాళ్లు తమ హద్దు దాకా ప్యాచ్‌లు వేసి, హద్దు రాగానే రోలర్ వెనక్కి తిప్పుకుని వెళ్లారు. ఊరి వాళ్లకు నేల మీద హద్దు కనబడదు కదా. నల్లటి ప్యాచ్‌లు ఒక చోట ఆగిపోవడం కనబడింది, ఆగిన చోటు నుంచి తమ ఊరు మొదలవడం కనబడింది. డబ్బు ఎవరో తిన్నారన్నారు. ఆ మూడు కిలోమీటర్ల పేరు మీద మీ పంచాయతీకి రూపాయి వచ్చే దారే లేదు. రాని డబ్బును మీ బావగారు తినలేరు. ఈ మాట నీళ్ల ట్యాంకు దగ్గర మీరు ధైర్యంగా చెప్పవచ్చు.

కానీ గ్రావెల్ బిల్లు వేరే సంగతి. దాని దగ్గరికి వచ్చే ముందు పంచాయతీ చేతిలో అసలు ఏముంటుందో తెలియాలి, ఎందుకంటే 'కోట్లు వస్తున్నాయి' అని టీవీలో విన్న మాటకీ, ఊరి ఖాతాలో ఉన్నదానికీ చాలా దూరం.

పంచాయతీ సొంత రాబడి ఇంటి పన్ను, నీటి పన్ను, చిన్నాచితకా ఫీజులు, రిజిస్ట్రేషన్ల మీద వచ్చే సర్‌చార్జిలో వాటా. మీలాంటి చిన్న ఊళ్లో ఇవన్నీ కలిపినా వీధి లైట్లకు, పారిశుధ్యానికి, మోటారు రిపేర్లకు సరిపోతే గొప్ప. కాస్త పెద్ద డబ్బు వచ్చేది ఆర్థిక సంఘం నుంచే. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు దేశం మొత్తం మీద గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్లు సిఫారసు చేసింది. వింటే కళ్లు తిరుగుతాయి. కానీ అందులో 60 శాతానికి ముందే ముడి వేసేశారు, సగం తాగునీటికి, సగం పారిశుధ్యానికి. మాటవరసకు ఏడాదికి మీ ఊరికి పది లక్షలు వచ్చాయనుకోండి. ఆరు లక్షలు రోడ్డు మీద పెట్టడానికి లేదు. మిగిలిన నాలుగు లక్షల్లో డ్రైన్లు, లైట్లు, శ్మశానం దారి, బడి గోడ, ఊరి లోపలి రోడ్లు అన్నీ సర్దుకోవాలి. 2021లో ఈ డబ్బును కూడా కరెంటు బకాయిల కింద సర్దేశారని రాష్ట్రమంతా సర్పంచులు గగ్గోలు పెట్టిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మీ అక్క గెలిచిన మొదటి ఏడాదే అది.

ఇంకొక సంగతి నన్ను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ బాధపెట్టింది, ఇప్పుడూ బాధపెడుతోంది. మన దగ్గర కొత్త రోడ్డుకు డబ్బు దొరుకుతుంది, పాత రోడ్డును కాపాడుకోవడానికి దొరకదు. కొత్త రోడ్డుకు కొబ్బరికాయ ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది, పేర్లుంటాయి. గుంత పూడ్చినవాడికి ఫొటో కూడా ఉండదు. ఉపాధి హామీ డబ్బుతో ఎన్నో ఊళ్లలో సందుసందుకీ సిమెంటు రోడ్డు వేశారు, మంచిదే. అదే ఊరి బయట తారు రోడ్డు మీద అరచేయంత పగులు కనబడినప్పుడు నాలుగు బుట్టల మిక్స్ వేసే డబ్బు లేక, రెండేళ్లకు అది పడవంత గుంతయ్యాక కొత్తగా ఎస్టిమేట్ వేయాల్సి వచ్చేది. పెట్రోలు, డీజిలు లీటరుకు ఒక రూపాయి చొప్పున రోడ్ల కోసమని 2020 సెప్టెంబరు నుంచి మన రాష్ట్రంలో సెస్సు కడుతున్నాం. మీ వారు పాల బండిలో పోయించిన ప్రతి లీటరు మీద ఆ రూపాయి కట్టారు. కాబట్టి ఈ రోడ్డు అడగడం దేహీ అనడం కాదు.

ఇక గ్రావెల్. మీ బావ పోయించిన గ్రావెల్ ఎందుకు నిలవలేదో చెబుతాను, ఎందుకంటే అందులో ఆయన నేరం కన్నా తెలియనితనం ఎక్కువ కనబడుతోంది నాకు. తారు రోడ్డుకు శత్రువు నీళ్లు. పగులులోంచి నీళ్లు దిగి కింది కంకర పొరను మెత్తబరుస్తాయి. పైన చక్రం పడిన ప్రతిసారీ ఆ నీళ్లు బురదను పైకి చిమ్ముతాయి, కింద బోలు అవుతుంది, ఒకరోజు పైపొర కుంగుతుంది. అలాంటి చోట గ్రావెల్ పోస్తే అది కూడా నీళ్లు తాగి బురదవుతుంది. గుంత పూడ్చాలంటే ముందు దాన్ని ఇంకా పెద్దది చేయాలి. వదులుగా ఉన్న అంచులన్నీ గునపంతో కొట్టి, గట్టి తారు తగిలేదాకా చతురస్రంగా కోయాలి. లోపలి బురద, దుమ్ము ఊడ్చి ఆరబెట్టాలి. అడుక్కీ, అంచులకీ పల్చగా తారు పూయాలి, అప్పుడు కొత్తది పాతదాన్ని పట్టుకుంటుంది. మిక్స్ వేసి, రోడ్డు కన్నా కాస్త ఎత్తుగా పెట్టి, రోలర్‌తో అణచాలి. నా మొదటి ఏడాదిలో ఒక పాత మేస్త్రీ నా బూటు మడమతో ప్యాచ్ అంచును తొక్కించి, 'దిగిందా సార్? దిగితే మళ్లీ కొట్టాల' అన్నాడు. ఇప్పటికీ ఏ ప్యాచ్ చూసినా కాలు అటే పోతుంది. ఇవన్నీ చేసినా, మీ కల్వర్టు తూములో మట్టి పూడి నీళ్లు రోడ్డెక్కుతున్నంత కాలం ఏ ప్యాచ్ నిలవదు. కాబట్టి మీరు అడగాల్సిన మొదటి పని గుంత పూడ్చడం కూడా కాదు. తూము పూడిక తీసి, పక్క కాలువ తవ్వడం.

రెండో కారణం మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో ఉంది: 'క్వారీ టిప్పర్లు రాత్రంతా తిరగతాయి.' ఆ పథకం రోడ్లను పల్లె బండ్లకు, పాల వ్యాన్లకు, అప్పుడప్పుడూ వెళ్లే లారీకి సరిపడా మందంతో వేస్తారు. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం రెట్టింపు కాదమ్మా, సుమారు పదహారు రెట్లు. ఇంజినీర్లకు తెలిసిన లెక్కే ఇది. మీ ఊరి మామిడికాయల ట్రాక్టర్లు సీజనంతా తిరిగి చేసే నష్టం, ఓవర్‌లోడు టిప్పర్లు కొన్ని రాత్రుల్లో చేసేస్తాయి. క్వారీ ఉన్నచోట ఇంకొక డబ్బు కూడా ఉంటుంది. 2015లో గనుల చట్టం సవరించినప్పుడు జిల్లా ఖనిజ నిధి పెట్టారు. గని తవ్వేవాళ్లు కట్టే సొమ్ములోంచి, గనుల వల్ల నష్టపోయిన ఊళ్లకు ఖర్చుపెట్టేందుకు. కలెక్టర్ ఆధ్వర్యంలో నడుస్తుంది. తాగునీరు, వైద్యం, చదువు లాంటివాటికి మొదటి పెద్ద వాటా, తర్వాతి వాటాలోనే రోడ్లు వస్తాయి. అడిగిన వెంటనే రాదు. కానీ అడగని ఊరికి అసలు రాదు.

ఇప్పుడు ఇంట్లోకి వద్దాం.

ఆ లక్షా ఎనబై వేల వెనక ఏముందో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. ట్రిప్పులు పది తోలి ముప్పై రాసి ఉండవచ్చు. ఊరి నోరు ఎనబై వేలను లక్షా ఎనబై చేసి ఉండవచ్చు. లేదా నాకు తరచుగా ఎదురైనది జరిగి ఉండవచ్చు: జనం తిడుతుంటే తట్టుకోలేక, పంచాయతీది కాని రోడ్డు మీద పంచాయతీ డబ్బు పెట్టడం. నిజాయితీగా పెట్టినా ఆడిట్ వాళ్లు దానికి అభ్యంతరం రాస్తారు. అది తెలిసినందుకే ఆయన కంచం తోశారేమో. కోపాన్ని బట్టి దొంగతనం తేల్చకండి, ఆయన మీ బావ అన్నదాన్ని బట్టి దొరతనమూ తేల్చకండి. కాగితం చూడండి.

కాగితం చూడటానికి సమాచార హక్కు అక్కర్లేదు. ఆర్థిక సంఘం డబ్బుతో పంచాయతీలు చేసే ప్రణాళిక, ఖర్చు ఇ-గ్రామస్వరాజ్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు. రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ, ఏడాది ఎంచుకుంటే చాలు. గత ఏడాది ఆ పని పేరుతో ఎంత చెల్లించారో మీ ఫోన్లోనే తెలిసే అవకాశం ఉంది. మీరు ఒంటరిగా చూడకండి. అక్కను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి.

ఆరు పేజీల ఉత్తరంలో అక్క గురించి నాలుగు వాక్యాలే రాశారు. ఈ కథలో అందరికన్నా ఎక్కువ ప్రమాదంలో ఉన్నది ఆమే. ఆమె 'కీ' అన్నది పెన్‌డ్రైవ్ లాంటి చిన్న పుల్ల. అందులో ఆమె డిజిటల్ సంతకం ఉంటుంది. పంచాయతీ కార్యదర్శి సంతకం, సర్పంచి సంతకం రెండూ పడితే ఆ డబ్బు ఖాతా దాటుతుంది. ఆ కీ బావగారి జేబులో ఉన్నా, ప్రభుత్వం దృష్టిలో సంతకం మీ అక్కది. రేపు ఆడిట్‌లో తప్పు తేలితే నోటీసు ఆమె పేరు మీద వస్తుంది, కట్టమనేదీ ఆమెనే. సంతకం తప్ప నాకేం తెలియదు అంటే ఎవరూ వినరు. ఐదేళ్ల పదవి ముగింపుకు వచ్చింది. కుర్చీ దిగినా ఆడిట్ వెంట వస్తుంది. కాబట్టి మీరు అక్కకు వ్యతిరేకంగా లెక్కలు అడుగుతున్నారని అనుకోకండి. ఆమె కోసం అడుగుతున్నారు. పొయ్యి దగ్గర ఆమె మీతో ఆ ఒక్క మాట అనడం ఊరికే అన్నది కాదని నాకు అనిపిస్తోంది. చెప్పుకోవడానికి ఆమెకు ఆ ఇంట్లో మీరు తప్ప ఎవరున్నారు?

ఆమె ఒప్పుకుంటే పదవి పోయేలోపు మూడు కాగితాల నకళ్లు తన దగ్గర పెట్టుకోవాలి: ఆ పనికి పంచాయతీ చేసిన తీర్మానం, ఎస్టిమేట్, ఎం బుక్‌లో (చేసిన పని కొలతలు రాసే పుస్తకంలో) ఆ పని పేజీ. కీ కూడా తన దగ్గరే ఉంచుకోవాలి. ఇందుకు ఇంట్లో కొంత రగడ తప్పదు. బావ 'నీ చెల్లెలు నూరిపోసింది' అంటారు. అంటే అననివ్వండి, కానీ ఆ మాట అక్క నోటి నుంచి వెళ్లాలి, మీ నోటి నుంచి కాదు. ఆమె ఇష్టపడకపోతే బలవంతం చేయవద్దు. ఆమె కాపురం ఆమెది.

రోడ్డు కోసం మీ ముందున్న దారులు చెబుతాను. ఏది తొక్కితే ఏం జరుగుతుందో కూడా చూసుకోండి.

మీరు రాసిన దరఖాస్తును ఉన్నదున్నట్టు పంచాయతీలో ఇస్తే, ఊరి స్థాయిలో ఫీజు లేదు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అది మీ హక్కు. అయితే తీసుకునేది కార్యదర్శి, ఆ సాయంత్రానికే బావకు తెలుస్తుంది. ఎన్నికల గాలి మొదలైన ఊళ్లో అవతలి పార్టీ ఆ కాగితాన్ని జెరాక్సులు తీసి పంచుతుంది. లెక్క సరిగ్గా ఉన్నా నష్టం జరిగిపోతుంది. అంతా చేసి మీకు తెలిసేది గ్రావెల్ లెక్క. రోడ్డు అలాగే ఉంటుంది. ఇంట్లో అందరూ లెక్క చూపడానికి నిరాకరిస్తే, వెబ్‌సైట్‌లో అనుమానం బలపడితే, అప్పుడు ఇవ్వండి. అప్పుడు నేను వద్దనను.

అదే చట్టం కింద ఇంకొక దరఖాస్తు పంచాయతీరాజ్ డీఈ ఆఫీసులో పది రూపాయల ఫీజుతో ఇవ్వవచ్చు. ఆ రోడ్డు ఏ ఏడాది పూర్తయింది, ఐదేళ్ల నిర్వహణ గడువు ఎప్పటితో ముగిసింది లేక ముగుస్తుంది, ఆ ఐదేళ్లలో ఏ మరమ్మతుకు ఎంత చెల్లించారు, ఇప్పుడు ఎస్టిమేట్ ఏమైనా వేశారా. ఇది మీ ఇంటి మీద పడదు. ఈ పథకంలో వేసిన కాంట్రాక్టరే ఐదేళ్లు రోడ్డు బాగోగులు చూడాలన్నది ఒప్పందంలోనే ఉంటుంది. గడువు ఇంకా ఉంటే పని ఆయనది, కొత్త డబ్బు కోసం ఎవరి చుట్టూ తిరగక్కర్లేదు. మేరీ సడక్ యాప్‌లో ఆ గుంత ఫొటో పెట్టి ఫిర్యాదు చేయవచ్చు. గడువు దాటిపోయి ఉంటే శాఖ సొంత నిధులు రావాలి. నా అనుభవంలో ఇక్కడే ఏళ్లు గడిచిపోతాయి. నిరాశపడకుండా ముందే తెలుసుకోండి.

మూడో దారి సోమవారం చిత్తూరు కలెక్టరేట్ గ్రీవెన్స్. మీరొక్కరే వెళితే ఒక అర్జీ. పంచాయతీ తీర్మానం జతచేసి, సర్పంచి హోదాలో అక్క, దెబ్బ తగిలినవాడి భార్యగా మీరు, పాలు పోసే నలుగురు ఆడవాళ్లు కలిసి వెళితే దాని బరువు వేరు. తూము పూడిక, గుంతల ప్యాచ్, టిప్పర్ల బరువు తనిఖీ, ఖనిజ నిధి నుంచి రోడ్డు పటిష్ఠం చేయడం అని నాలుగూ విడివిడిగా రాయండి, ఒక్కొక్కటి ఒక్కో శాఖకు వెళుతుంది. రసీదు నంబరు తీసుకోండి. క్వారీ వాళ్లకు కోపం వస్తుంది. ఊళ్లో వాళ్ల దగ్గర పనిచేసేవాళ్లు ఉంటారు, మీ మీద మాట తూలవచ్చు. అందుకే ఒంటరిగా వెళ్లవద్దంటున్నాను.

మీ వారు అంటున్నట్టు చందాలు వేసుకుని మనమే పూడ్చుకోవడం నాలుగోది. తూములో మట్టి తీయడానికైతే ఏఈకి చెప్పి ఒక ఆదివారం తలా ఒక పార పట్టండి, చాలా మేలు. డబ్బు మాత్రం మీ ఇంటి చేతుల మీదుగా వసూలు చేయకండి. ఒక లెక్క మీద గొడవ ఆరకముందే రెండోది మొదలవుతుంది.

ఆయన చెయ్యి గురించి. రోడ్డు సరిగ్గా నిర్వహించక ఎవరైనా చనిపోయినా, అంగవైకల్యం కలిగినా జరిమానా వేసే 198ఏ సెక్షన్‌ను 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చారు. 2025 అక్టోబరులో బాంబే హైకోర్టు గుంతల వల్ల చనిపోతే ఆరు లక్షలు, గాయపడితే యాభై వేల నుంచి రెండున్నర లక్షల దాకా ఇవ్వాలని చెప్పింది. అది మహారాష్ట్రలో. ఇక్కడ అదే వస్తుందని మీకు ఆశ పెట్టను. కానీ ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని చట్టం ఉంది. చిత్తూరు కోర్టులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఆస్పత్రి కాగితాలు, ఎక్స్‌రే, ఆ గుంత ఫొటోలు తీసుకుని వెళ్లండి. గుంత ఫొటోలు ఈ వారమే తీయండి. అడుగు స్కేలు నిలబెట్టి లోతు కనబడేలా, కల్వర్టు కూడా ఫ్రేములో ఉండేలా. ఎవరైనా మళ్లీ గ్రావెల్ పోస్తే ఆధారం పోతుంది.

మీ వారి మీద మీకు కోపం ఉన్నట్టుంది. అన్నను అడగనివ్వలేదని. ఆయన వైపు నుంచి ఒక్కసారి చూడండి. చెయ్యి కట్టులో ఉంది, లైను పోయింది, ఇప్పుడు అన్న కూడా పోతే అన్న భయం. ఆ రోడ్డు మూడు ముక్కలన్న సంగతి ముందు ఆయనకు చెప్పండి. అన్న తినలేదని కాదు, తినడానికి అంత డబ్బే అక్కడ లేదని. ఆ మాట అన్న దగ్గరికి తమ్ముడే తీసుకెళితే బాగుంటుంది. 'వంక రోడ్డు మనది కాదంట గదా, మరి అందరి చేత మాటలు ఎందుకు పడతావు, రా కలెక్టరేట్‌కి పోదాం' అంటే బావగారు కూడా లేచి నిలబడేందుకు ఒక దారి దొరుకుతుంది. గ్రావెల్ లెక్క సరిగ్గా ఉంటే ఆయనే గ్రామసభలో చదివి వినిపించనీయండి. తేడా ఉంటే, పదవి ముగిసేలోపు సరిదిద్దుకోవడం అక్కకు మేలు. ఆ సంగతి ఇంట్లో మొదట అనాల్సింది అత్తగారు. ఊరు నవ్వుతుందని భయపడే మనిషి కాబట్టి, నోటీసు వస్తే ఊరు ఏమంటుందో ఆవిడకే బాగా అర్థమవుతుంది.

రేపు పొద్దున ఎండ వచ్చాక ఆ కల్వర్టు దగ్గరికి వెళ్లండి. అక్కను కూడా రమ్మనండి. కంప నరకడానికి కొడవలి, తుడవడానికి తడిగుడ్డ తీసుకెళ్లండి. ఆ బోర్డు మీద పని పూర్తయిన తేదీ, కాంట్రాక్టరు పేరు, నిర్వహణ వివరాలు ఉండాలి. తేదీ చదవగలిగితే నాకు రాసి పంపండి. ఐదేళ్లు దాటాయో లేదో చూసి, డీఈకి ఇవ్వాల్సిన కాగితం ఎలా ఉండాలో మీకు విడిగా రాస్తాను.